తెరవెనుక తపాలా జవాను

ఉత్తరం కోసం ఎదురుచూడటం మానవునికి కొత్త కాదు. ఉర్దూ గజలులో ప్రేమికుడు ఖాసిదు రాకకై నిరీక్షిస్తాడు. నలదమయంతుల కథలో హంస రాయబారం నడుపుతుంది. నేడు ఇంటి కంప్యూటరులో ఆ వార్తాహరుని పనిని ఒక చిన్న ప్రోగ్రాము చేస్తున్నది. మనం పాఠం రాసుకుంటున్నా, లెక్కలు చేసుకుంటున్నా, అది తెరవెనుక ఉండి కొత్త ఈమెయిలు వచ్చినదా అని విచారిస్తూ ఉంటుంది. ఈ విచారణ ఎట్లా జరుగుతుందో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో విద్యార్థి సోదర సోదరీమణులకు తెలుపుటయే మా ఉద్దేశం.

మనకు వచ్చే ఈమెయిలు నేరుగా ఇంటికి రాదు. రాత్రింబవళ్లు పనిచేసే సర్వరు అనే కంప్యూటరులో మన పేరిట ఉన్న పెట్టెలో చేరుతుంది. ఇంటి కంప్యూటరు ఎల్లవేళలా పనిచేస్తూ ఉండదు గనుక, తానే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. పూర్వం ఒకే పెద్ద కంప్యూటరును పలువురు పంచుకునే రోజులలో ఈ అవసరం లేదు. 1980లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉత్తరం రాగానే తెలియజేసే ప్రోగ్రాము ఒకటి వెలువడింది. దానికి అక్కడివారందరికీ పరిచయమైన ఒక కుక్క పేరు, బిఫ్ అని పెట్టారు. దూరాన ఉన్న కంప్యూటరు సర్వరును అడిగి ఉత్తరాలు తెచ్చుకునేందుకు 1984లో పోస్టాఫీసు ప్రోటోకాల్ అనే నియమావళి ఏర్పడింది. దాని మూడవ రూపమైన పాప్-3 1988లో వచ్చింది.

విచారణ క్రమం ఇది. ప్రోగ్రాము మొదట సర్వరుతో సంబంధం కల్పించుకుంటుంది. మన పేరు, పాస్‌వర్డు చెప్పుకుంటుంది. పెట్టెలోని ఉత్తరాల గుర్తులను తన పట్టికతో పోల్చి చూస్తుంది. కొత్తవి ఉంటే తెచ్చి, గంట మోగించి మనకు తెలుపుతుంది. పది నిమిషాలకొకసారి అడిగితే రోజుకు 144 సార్లు, నిమిషానికొకసారి అడిగితే 1,440 సార్లు అడిగినట్లు. విరామం తగ్గితే వార్త త్వరగా అందుతుంది గాని, సర్వరుకు, మన కంప్యూటరుకు శ్రమ పెరుగుతుంది. ఈ చిక్కును తగ్గించడానికి 1986లో మొదలైన ఐమ్యాప్ పద్ధతికి 1997లో ఐడిల్ అనే ఆజ్ఞను చేర్చారు. దీని వలన సంబంధం తెగకుండా నిలిచి, కొత్త ఉత్తరం రాగానే సర్వరే కబురు చేస్తుంది. అయినా ఆ ఆజ్ఞను కనీసం 29 నిమిషాలకొకసారి కొత్తగా ఇస్తుండాలని నియమం.

ఇక అసలు విషయం. మా ఇంట జరిగినదే మనవి చేస్తాము. మా తమ్ముడు ఉపకార వేతనానికి దరఖాస్తు చేసి, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఒకనాడు ఫోనులో ఈమెయిలు పాస్‌వర్డు మార్చుకున్నాడు. ఇంటి కంప్యూటరులో మార్చడం మరిచాడు. నాటి నుండి తెరవెనుక జవాను పది నిమిషాలకొకసారి వెళ్లడం, సర్వరు తలుపు తీయకపోవడం! తెర మూలన ఒక చిన్న హెచ్చరిక గుర్తు కనబడుతూనే ఉన్నది. మేమెవ్వరమూ గమనించలేదు. గంట మోగలేదు గనుక ఉత్తరం రాలేదనుకున్నాము. తొమ్మిది రోజుల తరువాత పెట్టె తెరిచి చూస్తే, ఆదాయ ధ్రువపత్రం పంపవలసినదని కోరిన ఉత్తరం ఉన్నది. గడువు ముందురోజే దాటిపోయింది. ఆ ఏడు వేతనం అందలేదు. తప్పు యంత్రానిది కాదు, మాదే.

కనుక గ్రహించవలసినది ఒక్కటే. గంట మోగకపోవడానికి అర్థాలు రెండు: ఉత్తరం రాలేదని ఒకటి, అడగడమే కుదరలేదని మరొకటి. ఈ రెండింటికీ నిశ్శబ్దం ఒక్కటే. చివరిసారి విచారణ ఎప్పుడు సఫలమైనదో చూస్తూ ఉండాలి. పాస్‌వర్డు మార్చిననాడు ఇంటి కంప్యూటరులోనూ మార్చాలి. దరఖాస్తుల కాలంలో రోజుకొకసారి స్వయంగా పెట్టె తెరవాలి. అప్పుడప్పుడు మనకు మనమే ఒక ఉత్తరం పంపుకొని, గంట మోగుతున్నదో లేదో పరీక్షించాలి.

సేవకుని నియమించుకోవడం తప్పు కాదు. అతడు పనిలో ఉన్నాడో లేడో చూడకపోవడమే తప్పు. మాకు జరిగిన నష్టం మా తోటి విద్యార్థులకు జరుగరాదని మా ఆకాంక్ష.