ఒక్కో ఫ్రేమూ ఆపి చూడండి

ఇంటర్వ్యూకి ముందురోజు రాత్రి మా మేనల్లుడు అద్దం ముందు నిలబడి టైతో కుస్తీ పడుతున్నాడు. పక్కనే లాప్‌టాప్‌లో, టై ముడి ఎలా వేయాలో చూపించే యానిమేషన్ బొమ్మ ఆగకుండా తిరుగుతోంది. వెడల్పు కొన అటు వెళ్లింది, ఇటు వచ్చింది, పైకి లేచింది, కిందికి దిగింది. ముడి పడింది. మళ్లీ మొదటికొచ్చింది.

"మావయ్యా, ముప్పైసార్లు చూశాను. చూస్తుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. చెయ్యి పెడితే రావట్లేదు" అన్నాడు.

మనలో చాలామందిమి ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది ఇక్కడే. వంట వీడియోలు వందసార్లు చూస్తాం, ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే పాఠాలు వింటాం, మంచి వక్తల ప్రసంగాలు దాచుకుంటాం. చూసినంతసేపూ తెలిసినట్టే ఉంటుంది. కళ్లముందు పదేపదే తిరిగిన దాన్ని మనసు 'వచ్చేసింది' అని లెక్క రాసేసుకుంటుంది. ఆ లెక్క తప్పని చెయ్యి చెబుతుంది.

నేను వాడి లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ తెరిచాను. అందులో లైనక్స్ ఉంది. ఇలా కదిలే జిఫ్ బొమ్మల కోసం ఎడ్డీ కోలర్ రాసిన జిఫ్‌సికిల్ అనే పనిముట్టు ఉంది. దాని పేరు కొట్టి, అడ్డగీత, పెద్దక్షరం ఐ, ఆపైన ఫైలు పేరు ఇచ్చాను. ఫైలు లోపలి సంగతంతా వరసగా బయటపడింది. మొత్తం 16 ఫ్రేములు. ఒక్కోటీ తెర మీద ఉండేది 0.15 సెకను. చివరికొస్తే మళ్లీ మొదలుపెట్టాలి, ఎప్పటికీ ఆగకూడదు.

అంటే ముడి మొత్తానికి 2.4 సెకన్లు. ముప్పైసార్లు చూశానన్నాడు కదా, కలిపితే 72 సెకన్లు. వాడు తన చేతులను తిట్టుకుంటున్నాడు గానీ, ఆ విద్యకు వాడిచ్చిన సమయం నిమిషం పన్నెండు సెకన్లే! మీకు రాని పని ఏదైనా ఉంటే దానికి మీరు నిజంగా ఎంత సమయం ఇచ్చారో ఇలాగే లెక్క కట్టి చూడండి. 'నావల్ల కాదు' అన్న మాట తర్వాత సంగతి.

బొమ్మ అలా ఆగకుండా తిరగడం వెనక కూడా ఓ కథ ఉంది. జిఫ్ పుట్టింది 1987లో, కంప్యుసర్వ్ అనే అమెరికా కంపెనీలో, స్టీవ్ విల్‌హైట్ బృందం చేతుల్లో. 1989లో వచ్చిన రూపంలో ఒక్కో ఫ్రేమూ ఎంతసేపు నిలవాలో సెకనులో నూరో వంతుల్లో రాసిపెట్టే వీలు చేరింది. అంతులేకుండా తిరగమనే ఆజ్ఞ ఆ తర్వాత నెట్‌స్కేప్ బ్రౌజర్‌తో వచ్చింది. అంటే మీరు చూసే వేగాన్ని బొమ్మ తయారుచేసినవాళ్లు నిర్ణయించారు. ఎన్నిసార్లు తిరగాలో కూడా వాళ్లే నిర్ణయించారు. నేర్చుకోవాల్సింది మీరు. ఆ పగ్గం మీ చేతికి రావద్దూ?

జిఫ్‌సికిల్‌కు జిఫ్‌వ్యూ అని ఓ తోడు పనిముట్టుంది. దాని పేరు పక్కన ఫైలు పేరు కొడితే చాలు, బొమ్మ తెరుచుకుంటుంది. కదలదు. మొదటి ఫ్రేము దగ్గరే నిలబడి మీకోసం చూస్తుంది. స్పేస్ బార్ నొక్కితే తర్వాతి ఫ్రేము, బీ నొక్కితే వెనకటిది. కదలాలంటే మధ్యలో అడ్డగీత, చిన్న ఏ పెట్టి మీరే అడగాలి. నాకు ఈ పనిముట్టు నచ్చింది ఇందుకే. అడిగితే ఆడుతుంది, అడక్కపోతే ఆగి ఉంటుంది.

మేనల్లుడు ఒక్కో ఫ్రేమూ నొక్కుతూ పోయాడు. మధ్యలో ఓచోట బొమ్మంతా పోయి గుడ్డముక్క ఒక్కటే కనిపించింది. కంగారుపడ్డాడు. ఫైలు చిన్నదిగా ఉండటానికి చాలా జిఫ్‌లలో వెనకటి ఫ్రేముకూ దీనికీ మధ్య మారిన భాగాన్నే దాస్తారు. యూ నొక్కమన్నాను. పూర్తి బొమ్మ వచ్చింది. తొమ్మిదో ఫ్రేము దగ్గర వాడి వేలు ఆగింది. వెడల్పు కొన రెండోసారి ముందునుంచి అడ్డంగా దాటేటప్పుడు వేళ్లు దాన్ని కాస్త వదులుగా ఉంచుతున్నాయి. చివర్లో కొన దూరాల్సిన సందు అదే. వాడు ప్రతిసారీ అక్కడ బిగించేస్తున్నాడు. ముప్పైసార్లూ కంటిముందు నుంచే పోయింది, ఒక్కసారీ పట్టుబడలేదు.

ఇలా ఆపి చూసి ప్రపంచం అభిప్రాయాన్నే మార్చినవాడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా అన్నది ఆనాటి వాదం. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, లేలండ్ స్టాన్‌ఫర్డ్ అనే ధనవంతుడి గుర్రాన్ని 12 కెమెరాల ముందు పరుగెత్తించి, అడుగడుగూ విడివిడిగా పట్టుకున్నాడు. నాలుగూ గాల్లో ఉండే క్షణం ఉంది. అయితే చిత్రకారులు వేసినట్టు కాళ్లు ముందుకూ వెనక్కూ చాచినప్పుడు కాదు, పొట్టకిందికి ముడుచుకున్నప్పుడు. గుర్రాలను రోజూ చూసేవాళ్లు, గుర్రాల మీదే బతికేవాళ్లు ఎందరుండీ, అన్నాళ్లూ ఆ సంగతి తేలలేదు!

ఇప్పుడు మీ సంగతికి రండి. ఫోన్ ఎదురుగా పెట్టుకుని 'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నకు రెండు నిమిషాలు జవాబు చెప్పి రికార్డు చేయండి. కంప్యూటర్‌లో ఎంపీవీ అనే ప్లేయర్‌తో ఆ వీడియో తెరవండి. చుక్క నొక్కితే ఒక ఫ్రేము ముందుకు, కామా నొక్కితే ఒక ఫ్రేము వెనక్కి. ఏ మాట దగ్గర చూపు నేలకు వాలిందో, ఎక్కడ చెయ్యి ముక్కు మీదికి పోయిందో దొరుకుతుంది. మొత్తం మనిషిని మార్చుకోవాలని కూర్చోకండి, భయమేస్తుంది. మారాల్సింది నాలుగైదు ఫ్రేములు. వాటిని కాగితం మీద రాసుకోండి. రేపు ఒక్కదాన్నే సరిచేయండి.

ఆజ్ఞలు టైపు చేయడమంటే జంకేవాళ్లకు ఒక మాట. ఫైలు పేరులో ఒక్క అక్షరం తప్పినా టెర్మినల్ ఒప్పుకోదు, అలాంటి ఫైలు లేదని మొహమాటం లేకుండా చెబుతుంది. దాన్ని అవమానం అనుకోకండి. మనకేం కావాలో స్పష్టంగా అడగడం అక్కడ అలవాటవుతుంది. ఆ అలవాటు ఆఫీసులో పై అధికారి ముందూ, ఇంట్లో నాన్న ముందూ పనికొస్తుంది. ఏం అడగాలో తెలియకపోతే మ్యాన్ అని కొట్టి పక్కన జిఫ్‌వ్యూ అని రాయండి, వాడే పద్ధతంతా తెర మీదికొస్తుంది. ఇంకొకరిని అడిగేముందు ఆ పేజీ చదవండి.

మీ ఫోన్‌లో ఎప్పటినుంచో దాచుకున్న జిఫ్ ఒకటుండే ఉంటుంది. యోగాసనమో, ముగ్గో, క్రికెట్ షాటో. ఈ రాత్రికి దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి జిఫ్‌వ్యూతో తెరవండి. మొదటిసారికి ఆ చిన్న ఏ వద్దు. స్పేస్ బార్ మీద వేలు పెట్టి కూర్చోండి.