ఒక ప్యాకెట్ రక్తం ఎక్కిస్తే ఎంత పెరుగుతుంది?

పెద్దవూర నుంచో, చుట్టుపక్కల తండాల నుంచో రక్తం తక్కువైన రోగిని నల్గొండకో మిర్యాలగూడకో తీసుకెళ్ళిన కుటుంబాలవారు మర్నాడు అడిగే ప్రశ్న ఒకటుంది: "నిన్న ప్యాకెట్ ఎక్కించారు గదా, ఇంకా ఆరే ఉందేమిటి?"

పెద్దవారికి ఒక ప్యాకెట్ ఎర్రకణాలు ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము మాత్రమే పెరుగుతుంది. అంటే 5 ఉన్నది 6 అవుతుంది. సన్నని మనిషికి కొంచెం ఎక్కువ, భారీ మనిషికి కొంచెం తక్కువ. పిల్లలకు బరువును బట్టి లెక్క కడతారు. డెంగీలో ఎక్కించే పసుపుపచ్చని ప్లేట్‌లెట్ల ప్యాకెట్‌తో హిమోగ్లోబిన్ పెరగదు. అది వేరే పని చేస్తుంది.

రెండు మూడు ప్యాకెట్లు ఎక్కించినా అంకె కదలకపోతే ఎక్కించిన రక్తం ఎక్కడికి పోతున్నదో వెతకాలి. కడుపులో పుండు, మొలలు, అధిక రుతుస్రావం వంటివి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. మలం జిగటగా, తారులా నల్లగా వస్తే తప్పక చెప్పండి.

"12 అయ్యేదాకా ఎక్కించండి" అని పట్టుబట్టవద్దు. రక్తస్రావం లేకుండా నిలకడగా ఉన్న రోగికి సాధారణంగా 7 కంటే తగ్గినప్పుడే రక్తం అవసరమవుతుంది. గుండెజబ్బు ఉన్నవారికి ఈ హద్దు కొంచెం ఎక్కువ. ఏళ్ళ తరబడి రక్తం తక్కువగా ఉన్న వృద్ధుల గుండె అప్పటికే అలసి ఉంటుంది. త్వరత్వరగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. అందుకే నర్సు పెట్టిన చుక్కల వేగాన్ని మీరు పెంచకండి. ప్యాకెట్ చల్లగా ఉందని ఎండలోనో చంకలోనో పెట్టి వేడి చేయకండి (ఇది మనవాళ్ళకు బాగా అలవాటు). చలి, వణుకు, దురద, నడుము నొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే నర్సును పిలవండి.

ప్రతి ప్యాకెట్‌లో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటుంది. అదనపు ఇనుమును బయటకు పంపే మార్గం శరీరానికి లేదు. తరచూ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లలకు అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది కనుక దాన్ని తీసే మందులు విడిగా వాడాలి. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ ఇలాంటి పిల్లల కోసమే పనిచేస్తున్నది.

ఎక్కించిన కణాలు కొన్ని వారాలకు నశిస్తాయి. ఇనుము లోపమే కారణమైతే ఇంటికి వెళ్ళాక డాక్టరు రాసిన మాత్రలు మానవద్దు. అంకె మామూలుకు వచ్చాక కూడా దాదాపు మూడు నెలలు వాడాలి. మాత్రలతో మలం కొంత నల్లబడటం మామూలే. అన్నం తిన్న వెంటనే టీతో వేసుకుంటే మాత్ర సరిగా ఒంటబట్టదు.