పాఠం: మూడు "ఊఁ"లు

పిల్లలూ! సింగపూరులో కొన్ని సెకండరీ స్కూళ్ళలో నాటకం కూడా ఒక సబ్జెక్టే. దాని పరీక్షకు రాయడం ఒక్కటే సరిపోదు, ఆడి కూడా చూపించాలి. "దానికీ తెలుగుకీ ఏం సంబంధం?" అంటారా? ఉంది, వినండి.

1. తెలుసుకుందాం

1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అనే తెలుగు పంతులుగారు తన శిష్యుల చేత "వ్యవహార ధర్మబోధిని" అనే నాటకం ఆడించారు. కోర్టు ప్లీడర్ల మోసాలను ఎగతాళి చేసే నాటకం అది. తెలుగులో ప్రదర్శించిన మొదటి ఆధునిక నాటకం అదేనని చెబుతారు. అంటే ఆ నటులు కూడా మీలాగే విద్యార్థులే! ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటారు.

2. నటనలో నాలుగు భాగాలు

ఆంగికం: చేతులు, కళ్ళు, నడకతో చెప్పేది.
వాచికం: మాటతో, గొంతుతో చెప్పేది.
ఆహార్యం: దుస్తులు, అలంకరణతో చెప్పేది.
సాత్వికం: మనసులో నిజంగా కలిగి, బయటికి తెలిసిపోయేది. కన్నీళ్ళు, వణుకు లాంటివి.

3. ఆడి చూద్దాం

(పుంగ్గోల్‌లో ఒక ఫ్లాటు. సాయంత్రం. గుమ్మం దగ్గర సూట్‌కేసు. అమ్మమ్మ ఈ రాత్రికే ఇండియా వెళ్ళిపోతోంది. మనవడు ఫోను చూసుకుంటున్నాడు.)

అమ్మమ్మ: అన్నం తిన్నావా నాన్నా?
మనవడు: ఊఁ.
అమ్మమ్మ: రేపు ఈపాటికి నేను మన ఊళ్ళో ఉంటాను.
మనవడు: ఊఁ.
అమ్మమ్మ: ఫోన్ చేస్తూ ఉంటావు కదూ?
మనవడు: ఊఁ.

కాగితం మీద మూడూ ఒకటే. ఆడేటప్పుడు మాత్రం మూడూ వేరు. మొదటిది తల ఎత్తకుండా అనాలి. రెండోదానికి ముందు ఫోను కింద పెట్టి, సూట్‌కేసు వైపు చూడాలి. మూడోది గొంతులోంచి సరిగ్గా రాకూడదు. తొందరపడకండి. మాటకీ మాటకీ మధ్య మౌనం కూడా నటనే.

"నాకు తెలుగు సరిగ్గా రాదు" అని భయపడుతున్నారా? ఈ మనవడూ సింగపూరులోనే పుట్టాడు. వాడి తెలుగు మీ తెలుగులాగే ఉంటుంది. అమ్మమ్మ పాత్రే కష్టం. అందుకని ఈ వారం మీ అమ్మమ్మకో, నానమ్మకో ఫోన్ చేయండి. ఆవిడ ఏ మాట సాగదీస్తుంది? ఎక్కడ ఆగుతుంది? జాగ్రత్తగా వినండి. ఆ యాస ఏ పుస్తకంలోనూ దొరకదు.

4. కొత్త మాటలు

ఈపాటికి: ఇదే వేళకు
యాస: ఒక ప్రాంతంవాళ్ళు మాట్లాడే తీరు
ఊఁ కొట్టడం: కథ వింటూ "ఊఁ" అంటూ ఉండడం

5. మీ పని

అ) ఈ నాటికలో నాలుగు భాగాలూ ఎక్కడెక్కడ ఉన్నాయో రాయండి.
ఆ) మూడో "ఊఁ" తరువాత అమ్మమ్మ ఏమంటుంది? ఒక్క వాక్యం మీరే రాయండి.
ఇ) ఇద్దరేసి కలిసి ఆడండి. తరువాత పాత్రలు మార్చుకోండి.
ఈ) ఫోన్లో విన్న ఒక మాటను అచ్చం అలాగే క్లాసులో పలికి చూపించండి.