వూ రాజు ఎవరు? – నామసామ్యము, చరిత్ర నిర్ణయము

ప్రాచీన నాగరికతలపై జరిగిన ఒక వ్యాసరచన పోటీ పత్రాలను దిద్దుతున్నప్పుడు ఒక విద్యార్థి వ్రాసిన వాక్యం దగ్గర నా కలం ఆగినది. చైనా దేశపు వూ రాజు షాంగ్ వంశాన్ని జయించి, పిమ్మట బరువైన కంచు పాత్రను ఎత్తబోయి మరణించినాడని అతడు వ్రాసినాడు. ఈ రెండు సంగతులూ చరిత్ర గ్రంథాలలో ఉన్నవే. కాని వాటి నడుమ ఏడు వందల ఏండ్లకు పైబడిన వ్యవధి ఉన్నది. ఆ విద్యార్థి చదువనివాడు కాడు, చదివినవాడే. అయితే ఇద్దరు రాజులను ఒక్కనిగా భావించినాడు. ఇట్టి పొరపాటు ఎందుకు కలుగునో, దానిని ఎట్లు నివారించుకొనవచ్చునో విచారించుటే ఈ వ్యాసోద్దేశము.

‘వూ’ అనునది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. రాజు గతించిన తరువాత అతని నడవడిని, ఘనకార్యాలను బట్టి ఒక గౌరవనామాన్ని నిర్ణయించే ఆచారము చైనాలో ఉండెడిది. ‘వూ’ అనగా పరాక్రమశాలి. ‘వెన్’ అనగా విద్యాసంస్కారములు గలవాడు. జౌ వంశపు తొలి రాజులకు మాత్రం ఈ పేర్లు జీవితకాలంలోనే ఉండెనని కొందరు పండితుల అభిప్రాయము. పరాక్రమము ఏ ఒక్కరి సొత్తూ కాదు గనుక ‘వూ’ నామధారులు పలువురు ఏర్పడినారు. వారిలో ముఖ్యులను పరిశీలింతము.

మొదటివాడు జౌ వంశపు వూ రాజు. అసలు పేరు జీ ఫా. వెన్ రాజు కుమారుడు. సుమారు క్రీ.పూ. 1046లో మూయే యుద్ధంలో షాంగ్ వంశపు చివరి రాజును ఓడించినాడు. రెండవవాడు దక్షిణాన చూ రాజ్యాన్ని క్రీ.పూ. 740 నుండి 690 వరకు పాలించిన షియోంగ్ తోంగ్. జౌ ప్రభువుకే చెల్లిన ‘రాజు’ బిరుదును క్రీ.పూ. 704లో తానూ ధరించినాడు. మూడవవాడు చిన్ రాజ్యాధిపతి యింగ్ దాంగ్. క్రీ.పూ. 310లో సింహాసనమెక్కి, 307లో లోయాంగ్ నగరంలో బల ప్రదర్శనకై కంచు పాత్రను ఎత్తబోయి గాయపడి మరణించినవాడు ఇతడే. ఇక క్రీ.పూ. 141 నుండి 87 వరకు ఏలిన హాన్ వంశపు వూ, అనగా లియూ చె, రాజు కాదు, చక్రవర్తి. చైనా భాషలో రాజు ‘వాంగ్’, చక్రవర్తి ‘దీ’. అందుచేత అతడు ‘వూ దీ’.

రెండవ చిక్కు లిపి వలన కలుగుతున్నది. నేటి చైనా ప్రామాణిక భాషలో ఒకే ధ్వనిని నాలుగు స్వరాలతో పలుకుదురు. స్వరము మారిన అర్థము మారును. తెలుగు లిపిలో గాని, ఉర్దూ లిపిలో గాని ఆ స్వరభేదమునకు గుర్తు లేదు. యాంగ్‌ట్సీ నది దిగువ ప్రాంతంలో ‘వూ’ అనే రాజ్యము ఒకటి ఉండెను. దాని చివరి ప్రభువు ఫూ చాయ్, క్రీ.పూ. 473లో యూయే రాజ్యము చేతిలో నశించినాడు. అతడూ మన వ్రాతలో ‘వూ రాజు’ అగుచున్నాడు. అంతకంటె విచిత్రము మరొకటి: జీ ఫా చేతిలో ఓడిన షాంగ్ రాజు దీ షిన్‌కు చరిత్రలో నిలిచిన నిందానామము ‘జౌ’. గెలిచిన వంశమూ జౌ, ఓడిన రాజూ జౌ! చైనా లిపిలో ఇవి వేర్వేరు అక్షరములు, వేర్వేరు స్వరములు. మన లిపిలో ఒక్కటే.

ఇది కేవలము మార్కులకు సంబంధించిన విషయము కాదు. సామంతుడు తన ప్రభువును తొలగించుట న్యాయమా అను ప్రశ్న క్రీ.పూ. 4వ శతాబ్దిలో మెన్షియస్ అనే తత్త్వవేత్త ముందుకు వచ్చినది. ధర్మము తప్పినవాడు రాజు అనిపించుకొనడు గనుక, షాంగ్ రాజు పతనము రాజద్రోహము కాదని ఆయన సమాధానము. జయించిన జౌ ఎవరో, ఓడిన జౌ ఎవరో తెలియనివానికి ఈ వాదమంతయు తలక్రిందులగును, దోషి ధర్మాత్ముడగును.

ఇట్టి సందర్భములలో సమకాలిక సాక్ష్యము వెలుగు చూపును. 1976లో షాన్‌షీ రాష్ట్రములోని లిన్‌తోంగ్ వద్ద ఒక కంచు పాత్ర దొరికినది. వూ రాజు షాంగ్‌పై దండెత్తిన దినమున అది ప్రాతఃకాలమని, ఆ దినము పేరుతో సహా, దానిపై శాసనము ఉన్నది. యుద్ధము జరిగిన కొద్ది రోజులకే రాజు లీ అను అధికారికి కంచును బహూకరింపగా అతడు ఆ పాత్రను చేయించినాడు. అచ్చట షాంగ్ పేరు ఉండుట చేతనే ఆ వూ ఎవరో సందేహము లేక తేలుచున్నది.

కావున విద్యార్థులు పేరు కనబడగానే నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను: ఏ రాజ్యము? రాజా, చక్రవర్తియా? తండ్రి ఎవరు, అసలు పేరేమి? ఏ సంఘటనతో, ఏ కాలముతో సంబంధము? ఈ పద్ధతి మనకు కొత్త కాదు. నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుని, అతని మాతామహుడైన తంజావూరు రాజరాజ చోళుని మనము ఒక్కరిగా చెప్పము. మన తరగతి హాజరుపట్టీలో ఒకే పేరు మూడుసార్లు వచ్చినప్పుడు తండ్రి పేరు కలిపి పిలుచుట లేదా? ఒకరికి పడవలసిన హాజరు మరొకరికి పడిన ఎంత అన్యాయమో, ఒకని కీర్తిని మరొకనికి కట్టబెట్టుటయు అంతే అన్యాయము. మూడువేల ఏండ్ల క్రిందటివాడైనను, అతనిని అతనిగానే గుర్తించుట చరిత్ర విద్యార్థి విధి.