ప్రేమపాటకు మార్కులు వేసిన తెలుగు మాస్టారు

అనంతపురంలో ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. మధ్యమధ్య ఒక చిన్న పత్రికకు పాటల సమీక్షలు రాశాను. రెండుచోట్లా వాడింది ఎర్రసిరానే. అలా రాస్తూ తిన్న ఎదురుదెబ్బలు నేర్పిన పాఠాలు ఇవి.

1. కొత్త గొంతు వినబడగానే పాత గొంతు అడ్డమొస్తుంది. 1974లో ఘంటసాల పోయాక బాలసుబ్రహ్మణ్యం ఏ ప్రేమపాట పాడినా టీ అంగడి దగ్గర మా మాట ఒక్కటే: "బాగుంది గానీ, ఘంటసాల అయితేనా..." బాలు మా ఊరి ఇంజినీరింగ్ కాలేజీలో చేరి, టైఫాయిడ్ వచ్చి చదువు మానుకున్నవాడు. ఆ చుట్టరికం కూడా మా నోళ్లు కట్టలేదు. శంకరాభరణం ఆయనకు జాతీయ అవార్డు తెచ్చాక గొణుగుడు తగ్గింది. 2020 సెప్టెంబరులో ఆయన పోయినరోజు బాగా ఏడ్చినవాళ్లలో నేనొకణ్ణి. ఇప్పటి పిల్లల పాట వింటూ "బాలు అయితేనా" అంటున్నదీ నేనే.

2. తప్పులు లెక్కపెడుతూ పాట వినకూడదు. సిద్ శ్రీరామ్ చెన్నైలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగినవాడు. 2018లో 'గీత గోవిందం' పాట ఊరంతా మోగుతుంటే నేను పెన్సిల్ పట్టుకుని జారిన ఒత్తులు, నలిగిన ళకారాలు గుర్తు పెడుతున్నాను. మనవడు అడిగాడు: "తాతా, మన మాట విని విజయవాడోళ్లు నవ్వితే నీకు కోపమొస్తాది గదా?" కన్నడం కలిసిన మా యాసను వెనకేసుకొచ్చే మనిషిని, జవాబు దొరకలేదు. అయినా అర్థం చెడిన చోట తప్పును తప్పనే రాస్తాను. మిగతావాటికి ఒక వాక్యం చాలు.

3. పాటలో ఏముందో కాగితం మీద మొత్తం కనబడదు. 'అల వైకుంఠపురములో' సినిమాకు సిరివెన్నెల త్యాగయ్య హిందోళ కృతి నుంచి 'సామజవరగమన' అన్న మాట తెచ్చుకున్నారు. తమన్ బాణీ, సిద్ గొంతు. అమ్మాయి కాళ్ల మీదే చూపేమిటని కొందరు తప్పుబట్టారు. నేనూ పట్టాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. పాట వచ్చిన మరుసటి ఏడు జూన్‌లో మా చేను దగ్గర ఆడవాళ్లు విత్తనానికి శెనక్కాయలు వలుస్తున్నారు. వేళ్ల చివర్లు పగిలిపోయి ఉన్నాయి. పక్కన ఫోన్లో అదే పాట. ఉండబట్టలేక అడిగాను, "అర్థమైతాందా?" అని.

"అర్థం తెలిసి ఏం జేయాల సార్? ఆ పిల్లోడు బతిమాలుకుంటాండాడు. మమ్మల్ని ఎవురు బతిమాలినారు?"

నా సమీక్షలో ఆ మాట లేదు.

4. పాట విడుదలైన సాయంత్రమే తీర్పు రాయకు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన నేల మాది. మొలక చూసి దిగుబడి చెప్పే రైతు ఇక్కడ ఉండడు.

5. మా జిల్లా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గొప్ప విమర్శకుడు, అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టిన సంగీత విద్వాంసుడు కూడా. నాకు ఆ రెండోది లేదు. అందుకే ఈమధ్య ఏ పాట గురించైనా రాసేముందు ఒక చరణం పాడి చూస్తున్నాను. మొన్న తలుపేసుకుని పాడితే వంటింట్లోంచి మా ఆవిడ అంది:

"ఒత్తులన్నీ బాగానే పడినాయి. పాట యాడ పడిపోయిందో చూసుకోండి."