షాబ్లీ ద్రాక్షతోటలు, అచ్చటి రైతుల సంఘము

ఫ్రాన్సు దేశమున, పారీసు నగరమునకు ఆగ్నేయముగా సుమారు 180 కిలోమీటర్ల దూరమున, సెరెన్ అను చిన్న యేటి యొడ్డున షాబ్లీ అను ఊరు కలదు. అచ్చటి తెల్ల ద్రాక్షాసవము ఆ ఊరి పేరనే ప్రసిద్ధి కెక్కినది. మద్యమును పొగడుట మా యుద్దేశము కాదు. ఆ పంటను నమ్ముకొన్న చిన్న రైతులు ఏ రీతిని నిలిచిరో మన సభ్యులు తెలిసికొనవలెనని వ్రాయుచున్నాము.

అచ్చటిది సున్నపురాయి కలిసిన బంకనేల. ఒకప్పుడది సముద్రగర్భమగుటచే రాళ్లలో నేటికిని చిన్న ఆల్చిప్పల గుర్తులు కానవచ్చును. షార్డొనే అను ఒక్క ద్రాక్షజాతినే వాడుదురు. చలిప్రదేశమగుటచే పండులో పులుపు నిలిచి, ఆసవమునకు తేటయగు రుచి కలుగును.

ఆ చలియే రైతునకు శత్రువు. ఏప్రిల్ మాసమున చిగురు పట్టిన పిమ్మట ఒక్క రాత్రి గడ్డమంచు కురిసిన, ఆ యేటి ఫలసాయము పోయినట్లే. 1945లోను, 1957లోను, 2021లోను ఇట్లే గొప్ప నష్టము కలిగెను. దీనికై తోటలలో కుంపట్లు వెలిగింతురు. మరియొక యుపాయము వినుటకు వింతగా నుండును: మంచు పడు రాత్రి చిగుళ్లపై నీరు చల్లుదురు. నీరు గడ్డకట్టునపుడు కొంత వేడిని విడుచును. ఆ వేడిచే మంచుపొరలోని మొగ్గ చావక నిలుచును. అయితే తెల్లవారి మంచు కరుగువరకు నీరు ఆగరాదు. నడుమ ఆగినచో, చల్లకుండుటకంటె నెక్కువ హాని కలుగును.

పందొమ్మిదవ శతాబ్దాంతమున వేరుపురుగు సోకి తోటలు పాడయ్యెను. చౌకయైన దక్షిణదేశపు సరుకు రైళ్లపై పారీసునకు వచ్చి ధరను పడగొట్టెను. ఇట్టి దుర్దశలో 1923లో రైతులు 'లా షాబ్లీసియెన్' అను సహకార సంఘమును స్థాపించుకొనిరి. ఆసవము నెలల తరబడి నిలువయున్నగాని పక్వము కాదు. అప్పు మీదనున్న చిన్న రైతు అంతకాలము ఆగగలడా? వర్తకుడు చెప్పిన ధరకే ఒప్పుకొనవలసివచ్చును. సభ్యులలో పలువురు పండ్లను తామే పిండి రసమును సంఘమునకు తెత్తురు; పులియబెట్టుట, నిలువచేయుట, అమ్ముట సంఘము వంతు. పొలము తరగతిని బట్టి రసమును వేర్వేరు తొట్లలో నుంతురు. నేడు సుమారు 300 కుటుంబములు అందు చేరియున్నవి; షాబ్లీ సరుకులో దాదాపు నాలుగవ వంతు ఆ సంఘముదే.

పేరు కాపాడుకొనుటయు తేలిక కాలేదు. అమెరికాలో చిరకాలము వేరు ద్రాక్షల ఆసవమునకును 'షాబ్లీ' యని పేరు పెట్టి అమ్మిరి. ఫ్రాన్సులో మాత్రము 1938లో ఎల్లలు నిర్ణయించి, వాని వెలుపలి సరుకునకు ఆ పేరు చెల్లదని శాసించిరి. 1950 దశాబ్దమున సుమారు 500 హెక్టార్లకు తగ్గిన తోటలు నేడు 5,500 హెక్టార్లకు మించియున్నవి. హెక్టారనగా సుమారు రెండున్నర యెకరములు.