న్యూ వాల్యూమ్ అని వదిలేయకు

జ్ఞానాపురం,
విశాఖపట్నం.

చిరంజీవి బుజ్జికి,

ఈ ఉత్తరంతో పాటు చిన్న డబ్బా ఒకటి పంపాను. అందులో హార్డ్ డిస్క్ ఉంది. కుదుపు తగలకుండా తువ్వాలులో చుట్టాను. దాన్ని కంప్యూటర్‌కి పెట్టే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

మొన్న ఫోనులో "రెండు టెరాబైట్ల డిస్క్ ఇంకోటి వేయించాను పెదనాన్నా, సి, డి, ఈ, ఎఫ్ అన్నీ నిండిపోయాయి, దేంట్లో ఏముందో నాకే తెలీడం లేదు" అన్నావు. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. నోటితో చెబితే మర్చిపోతావు. కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చేసుకో.

ముందు నాకు జరిగింది విను. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. మన ఇంటి రేకులు లేచిపోయాయి. మీ తాత ట్రంకుపెట్టె నిండా నీళ్లు. అందులో ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మీ నాయనమ్మా నేనూ వాటిని నీళ్లలో నానబెట్టి, ఒక్కొక్కటే విడదీసి, పాత చీరల మీద ఆరబెట్టాం. కరెంటు వచ్చాక అన్నీ స్కాన్ చేయించాను. ఆవిడ నా పక్కన కూర్చుని ఒక్కో బొమ్మలో ఎవరున్నారో, ఎప్పటిదో చెప్తూ ఉంటే నేను ఫైలు పేరుగా అదే టైపు చేశాను. మూడు వారాలు పట్టింది. బూజు పట్టిన అట్టల్ని ఆ తర్వాత పారేశాం, కంప్యూటర్లో ఉన్నాయి కదా అని.

2017లో కొత్త కంప్యూటర్ కొన్నాను. నా దగ్గర బయట పెట్టుకునే డిస్కులు రెండు. ఒకదాంట్లో ఈ ఫోటోలు, రెండోదాంట్లో పనికిరాని సరుకు. రెండింటి పేరూ విండోస్ తనంతట తాను పెట్టే న్యూ వాల్యూమే. పాత కంప్యూటర్లో ఫోటోలది ఎఫ్, రెండోది జి. ఆ అలవాటే నా చేతిలో ఉండిపోయింది. కొత్త కంప్యూటర్‌కి ఆ లెక్క ఏం తెలుస్తుంది? ముందు పెట్టిన పనికిరానిదానికి ఎఫ్ ఇచ్చింది, తర్వాత పెట్టిన ఫోటోలదానికి జి ఇచ్చింది. నేను జిని ఫార్మాట్ చేసి, దాని మీద సినిమాలు కూడా ఎక్కించేశాను.

పోయిన ఫైళ్లను వెలికితీసే ప్రోగ్రాముతో ఆ రాత్రంతా కూర్చున్నాను. రెండువందల చిల్లర ఫోటోలు తిరిగి వచ్చాయి. కానీ పేర్లు రాలేదు. ఫైలు పేర్లు డిస్కు మీద వేరే పట్టికలో ఉంటాయి. ఆ పట్టిక చెరిగిపోతే, ప్రోగ్రాము బొమ్మను బొమ్మగా గుర్తుపట్టి తేగలదు తప్ప దాని పేరు ఎక్కణ్ణుంచి తెస్తుంది? 0001, 0002 అని అంకెలు వేసి ఇచ్చింది. మళ్లీ కూర్చుని పేర్లు చెప్పడానికి అప్పటికి మీ నాయనమ్మ లేదు. నీకు పంపినవి ఆ ఫోటోలే.

నేను పోర్టు ట్రాఫిక్ డిపార్ట్‌మెంటులో చేసినవాణ్ణి. ఇంత చిన్న విషయం నాకు ముందే తట్టి ఉండాల్సింది. ఇన్నర్ హార్బరులో బెర్తులకి ఈక్యూ-5, డబ్ల్యూక్యూ-2 అని గుర్తులుంటాయి. తూర్పు గట్టు, పడమటి గట్టు అన్నమాట. ఇవాళ ఈక్యూ-5లో ఉన్న ఓడ రేపు ఉండదు, ఇంకోటి వస్తుంది. సరుకు కాగితం మీద బెర్తు నంబరొక్కటే రాసి ఓడ పేరు రాయకపోతే ఆ కాగితం ఎందుకూ కొరగాదు. విండోస్ ఇచ్చే సి, డి, ఎఫ్ అక్షరాలు బెర్తులు. ఏ బెర్తు ఖాళీగా ఉంటే అందులోకి పంపుతుంది. సితో మొదలవడానికి కారణం కూడా అలాంటిదే. ఎ, బి అక్షరాలు ఒకప్పుడు ఫ్లాపీలకి కేటాయించినవి. ఫ్లాపీలు పోయినా ఆ బెర్తుల్ని అలాగే వదిలేశారు. డిస్కుకి నువ్వు పెట్టే పేరు మాత్రం ఓడ ముక్కు మీద రాసిన పేరు లాంటిది. ఏ కంప్యూటర్‌కి పెట్టినా వెంటే వస్తుంది. 1933 అక్టోబరు 7న మన రేవులోకి మొదటగా వచ్చిన ఓడ జలదుర్గ. ఆ పేరు ఇప్పటికీ చెప్పుకుంటాం, ఏ బెర్తులో కట్టారని ఎవరూ అడగరు.

ఓడకి పేరు కాక ఐఎంఓ నంబరని ఏడంకెలది ఒకటి ఉంటుంది. యజమాని మారినా, పేరు మారినా, జెండా మారినా అది మారదు. నీ డిస్కు ఒంటి మీద కూడా సీరియల్ నంబరు అచ్చువేసి ఉంటుంది. దాన్నీ, నువ్వు పెట్టిన పేరునీ, కొన్న నెలనీ ఒక నోటుబుక్కులో రాసుకో. పేరు రాసిన చీటీ డిస్కు మీద కూడా అంటించు. అయితే కంప్యూటర్ లోపల బిగించే డిస్కు మీద చిన్న గాలి కన్నం ఉంటుంది, చీటీతో దాన్ని మూయకూడదు.

ఏం పేరు పెట్టాలంటావా? మీ తాత ఉక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చి "ఇవాళ గోదావరి దగ్గర డ్యూటీ" అనేవాడు. బ్లాస్ట్ ఫర్నేస్ ఒకటి అని ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. 1990లో మొదటి కొలిమికి గోదావరి అనీ, 1992లో రెండోదానికి కృష్ణ అనీ పెట్టారు. 2012లో మూడోది వస్తే అన్నపూర్ణ అన్నారు. అంకెలైతే ఒకటికీ రెండుకీ పొరపాటు పడొచ్చు. గోదావరినీ కృష్ణనీ కంగారులో కూడా ఎవరూ తారుమారు చెయ్యరు. నీ డిస్కులకి ఆ పేర్లే పెట్టు. మీ తాత ఎక్కడున్నా సంతోషిస్తాడు.

తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఒక్క చిక్కుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు పేరుకి 32 అక్షరాల దాకా చోటుంటుంది, ఎక్స్‌ఫ్యాట్ అయితే 11. మన గుణింతం గుర్తులూ పొల్లూ కూడా ఒక్కొక్కటి ఒక అక్షరం కిందే లెక్క. గోదావరికి ఏడు పడతాయి, అన్నపూర్ణకి తొమ్మిది. "గోదావరి నకలు" అంటే పన్నెండై పట్టదు. అందుకని నకలు డిస్కుకి "గోదావరి-2" అని పెట్టు. పేరు మార్చడం నీకు తెలిసిందే, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి రీనేమ్. అక్షరం మార్చాలంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లాలి. సిని మాత్రం ముట్టుకోకు, విండోస్ దాని మీదే నడుస్తోంది. ఫోటోల డిస్కుకి పి లాంటి దూరపు అక్షరం ఇస్తే మేలు. పెన్‌డ్రైవులు ముందు వరస అక్షరాల్లోకి వచ్చి పోతుంటాయి, అంత దూరం రావు. రెండు టెరాబైట్లు కొంటే 1.81 అని చూపిస్తోందని షాపువాడి మీద కోప్పడకు. డిస్కు తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది.

లోపల ఫోల్డర్లు ఎక్కువ చేయకు. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ: 2014-10-12 ఇలా. మనం చేత్తో రాసినట్టు తేదీ ముందు పెడితే అన్ని నెలల పన్నెండో తేదీలూ ఒకచోట పోగవుతాయి. ఫైలు పేరులో ఏటవాలు గీతల్ని విండోస్ ఎలాగూ ఒప్పుకోదు. తేదీ తర్వాత ఊరు, ఆ తర్వాత మనుషుల పేర్లు, ఎడమ నుంచి కుడికి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో పేరులో కనిపించే తేదీ ఫోటో తీసినది కాదు, దాన్ని నమ్మి పెట్టకు.

ఇది బాగా గుర్తుపెట్టుకో: డిలో ఉన్నవాటికి ఈలో నకలు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకు. ఆ రెండూ ఒకే డిస్కులో రెండు ముక్కలైతే, ఒకే గోదాములో రెండు గదులన్నమాట. కప్పు ఎగిరిపోతే రెండూ తడుస్తాయి. గోదావరి-2 నీ ఇంట్లో ఉండకూడదు. అసలు విశాఖలోనే వద్దు. హైదరాబాదులో మీ అక్క దగ్గర పెట్టు, సంక్రాంతికి తను వచ్చినప్పుడల్లా కొత్తవి చేర్చి పంపు. నీ దగ్గరున్నది గట్టి మూత డబ్బాలో, సిలికాజెల్ పొట్లాలు వేసి ఉంచు. మన సముద్రపు గాలికి ఇంటి గ్రిల్లే ఏడాదికోసారి తుప్పు దులుపుకుంటుంది.

ఇప్పుడు నేను పంపిన డిస్కు సంగతి. దాని పేరు అన్నపూర్ణ, చీటీ మీదా రాశాను. ముందు దాన్ని గోదావరిలోకీ గోదావరి-2లోకీ కాపీ చేయి. రెండుచోట్లా ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే మిగతా పని. అందులో 0001 నుంచి 0214 దాకా ఉన్నాయి. నేను గుర్తుపట్టగలిగినవి అరవై, వాటికి పేర్లు మార్చేశాను. 0087లో కొలిమి ముందు హెల్మెట్లు పెట్టుకుని ఎనిమిదిమంది ఉన్నారు. ఎడమ నుంచి మూడోవాడు మీ తాత. మిగతా ఏడుగురూ ఎవరో చెప్పగలిగింది భీమిలిలో మా పిన్నొక్కతే. వాళ్లాయనా అదే షిఫ్టు. ఆవిడకి ఎనభై నాలుగు దాటాయి.

ఫోటోలన్నీ ఒక పెన్‌డ్రైవులో ఎక్కించుకుని ఆదివారం తెల్లారే రా. వాళ్ల టీవీకి పెట్టి పెద్దగా చూపిద్దాం. ఆవిడ చెప్తుంటే నువ్వు టైపు చేయి, నేను నోటుబుక్కులో కూడా రాస్తాను. ఆలస్యం చేయకు, మధ్యాహ్నమైతే ఆవిడకి కళ్లు ఆనవు.

ఇట్లు,
మీ పెదనాన్న